సైకిలు ప్రయాణానికి సద్ది మూట

సైకిలెక్కే ముందు మనం ఏమి చూస్తాం? టైర్లలో గాలి చూస్తాం. బ్రేకులు చూస్తాం. చైనుకు నూనె ఉందో లేదో చూస్తాం. కాని సైకిలును తొక్కే మనిషి కడుపులో ఏమున్నది, సంచిలో ఏమున్నది అని చూసేవారు ఎందరు? ఇంట్లో తల్లి "ఏమన్నా తిని పో బిడ్డా" అంటే, "వచ్చినంక తింట" అని పెడలు మీద కాలు వేసే యౌవనస్థులే ఎక్కువ. ఈ నెల మన కుటుంబాల కొరకు ఈ చిన్న సంగతిని గూర్చి కొంచెం వివరంగా ఆలోచిద్దాం. చిన్న సంగతే గాని, వేసవిలో ఇది ప్రాణం మీదికి తేగలదు.

నేను నేర్చుకొన్న పాఠం

చాలా సంవత్సరాల క్రిందటి మాట. ఏప్రిల్ నెలలో మేము ఐదుగురం యౌవనస్థులం జనగామ నుండి పాలకుర్తి వైపున్న ఒక గ్రామంలో జరిగే కూటములకు సైకిళ్ల మీద బయలుదేరాం. ఉదయం ఎవరమూ ఏమీ తినలేదు. దారిలో తినడానికి రెండు బిస్కెట్ ప్యాకెట్లు, నాలుగు బన్నులు కొన్నాం. త్రాగడానికి రెండు కూల్‌డ్రింకు సీసాలు. నీళ్లు దారిలో ఎక్కడైనా దొరుకుతాయిలే అనుకొన్నాం.

పదకొండు గంటలయ్యేసరికి మాలో ఒక సహోదరునికి పిక్కలు పట్టేశాయి. తల తిరిగి, వాంతి చేసుకొని రోడ్డు ప్రక్కనే కూలబడిపోయాడు. అతణ్ణి వేప చెట్టు క్రింద పడుకోబెట్టి ఏమి చేయాలో తోచక నిలబడ్డాం. ప్రక్క చేనులో పని చేస్తున్న ఒక తల్లి వచ్చి చూసి, "పొద్దున ఏం తిన్నరు బిడ్డా?" అని అడిగింది. "ఏమీ తినలేదమ్మా" అన్నాం. "తినకుండ ఇంత ఎండల ఎట్ల పోతరు?" అని మందలిస్తూనే తన ముంతలోని చల్లలో ఉప్పు కలిపి అతనికి కొద్దికొద్దిగా త్రాగించింది. తరువాత తన మధ్యాహ్నపు జొన్న రొట్టె విరిచి మా అందరికీ పంచింది. గంట తరువాత అతడు లేచి కూర్చున్నాడు.

ఆనాడు మా సంచిలో ఉన్నది కొట్టులో కొన్న సరుకు. ఆ తల్లి చేతిలో ఉన్నది ఇంటి నుండి తెచ్చుకొన్న సద్ది. ప్రయాణానికి ఏది పనికివస్తుందో ఆ చెట్టు క్రింద మాకు అర్థమైంది.

శరీరం ఏమి అడుగుతుంది?

సైకిలు తొక్కేటప్పుడు శరీరానికి ముఖ్యంగా మూడు కావాలి: నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం. చెమట ద్వారా నీళ్లతో పాటు ఉప్పు కూడా బయటికి పోతుంది. కండరాలు తమలో నిల్వ ఉన్న చక్కెరను వాడుకొంటాయి. ఆ నిల్వ కొద్ది గంటలకే సరిపోతుంది. అది తరిగితే కాళ్లు బరువెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, మనసుకు విసుగు పుడుతుంది.

గంట లోపు ప్రయాణమైతే నీళ్ల సీసా చాలు. రెండు గంటలు దాటే ప్రయాణమైతే గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఇది పెద్ద లెక్క కాదు. ఒక పెద్ద అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. 100 గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాములు. బెల్లమైతే దగ్గర దగ్గర అంతా చక్కెరే. కాబట్టి గంటకొకసారి ఆగి, ఒక అరటిపండు, ఒక చిన్న బెల్లం ముక్క తింటే సరిపోతుంది.

నీళ్లు ఎండను బట్టి, మనిషిని బట్టి గంటకు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు కావాలి. దాహం వేసే వరకు ఆగి ఒక్కసారే సీసా ఖాళీ చేయడం మంచిది కాదు. పావుగంటకు, ఇరవై నిమిషాలకు రెండు మూడు గుక్కలు త్రాగాలి. గంటల తరబడి చెమట కారుతున్నప్పుడు ఉప్పు లేకుండా వట్టి నీళ్లే అతిగా త్రాగితే రక్తంలో ఉప్పు పలచబడి మరొక ప్రమాదం వస్తుంది. అందుకే మన పెద్దలు చల్లలో ఉప్పు వేశారు.

మన బెల్లం, వారి బెల్లం

ఇవి పాతకాలపు పల్లెటూరి తిండ్లని మన పిల్లలు చిన్నచూపు చూడవచ్చు. వారికి ఈ సంగతి చెప్పండి. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశం సైకిలు పందేలకు పేరు పొందింది. ఆ దేశస్థుడైన ఎగాన్ బెర్నాల్ 2019లో ఫ్రాన్సు దేశపు గొప్ప పందెమైన టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. అక్కడి సైక్లిస్టులకు అలవాటైన పానీయం ఏమిటో తెలుసా? చెరకు బెల్లం కరిగించిన నీళ్లు! జామపండు గుజ్జును చక్కెరతో ఉడికించి బిళ్లలుగా చేసి, ఆకులో చుట్టి జేబులో వేసికొంటారు. పెద్ద పందేలలో ఐరోపా జట్లు కూడా వండిన అన్నాన్ని అచ్చులో ఒత్తి, ముక్కలుగా కోసి, కాగితంలో చుట్టి తమ వారికి ఇస్తాయి. దారిలో వారికి అందించే తిండిని భుజాన తగిలించుకొనే చిన్న గుడ్డ సంచిలో పెట్టి ఇస్తారు. మరి అది మన సద్ది మూట కాక ఇంకేమిటి?

మూడు దారులు, మూడు మూటలు

పూర్వం వరంగల్ జిల్లాలో ఉండిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. మూడు చోట్లా దారులు ఒక్క తీరుగా ఉండవు. కాబట్టి మూట కూడా దారిని బట్టి కట్టుకోవాలి.

జనగామ వైపు వానలు తక్కువ. మెట్ట నేల, తాటి చెట్లు, నీడ లేని రోడ్లు. ఇక్కడ మొదటి అక్కర నీళ్లు. మనిషికి కనీసం రెండు సీసాలు ఉండాలి. ఒకదానిలో మంచినీళ్లు, మరొకదానిలో ఉప్పు వేసిన పలుచని చల్ల గాని, నిమ్మకాయ నీళ్లు గాని. సీసాకు తడిగుడ్డ చుడితే కుండలో నీళ్లవలె చల్లగా ఉంటాయి. తినడానికి జొన్న రొట్టె, పల్లి పొడి, ఒక ఉల్లిగడ్డ. రొట్టెను గుడ్డలో చుడితే ఎండిపోదు.

మహబూబాబాద్ వైపు చెరువులు, వరి పొలాలు, మిరప తోటలు, తండాలు కనబడతాయి. దోర్నకల్‌లో 1939లో పూర్తయిన కెథెడ్రల్‌ను చూడడానికి సైకిళ్ల మీద వెళ్లాలని సరదాపడే యౌవనస్థులు ఉంటారు. ఇక్కడ చెప్పవలసిన జాగ్రత్త ఒకటున్నది. నీళ్లు కనబడ్డాయి గదా అని కాలువలోనివీ, చేలగట్టు మీద గుంటలోనివీ త్రాగకూడదు. మిరపకు, పత్తికి కొట్టిన మందులు వాటిలో కలిసి ఉండవచ్చు. మందు సీసాలను ఎంత కడిగినా నీళ్లకు వాడకూడదు. ఈ దారికి సర్వపిండి చక్కని తిండి. బియ్యపు పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి గిన్నెకు అద్ది కాల్చిన ఈ రొట్టె చెదరదు, త్వరగా పాడుకాదు. ఉప్పు, పిండి, నూనె అన్నీ దానిలోనే ఉన్నాయి.

భూపాలపల్లి వైపు అడవి దారులు. బొగ్గు లారీలు తిరిగే రోడ్లు. కొన్ని చోట్ల చాలా దూరం వరకు కొట్టు కనబడదు. కాబట్టి తిరిగి వచ్చేవరకు సరిపడే తిండి ఇంటి నుండే తీసికొని పోవాలి. చింతపండు పులిహోర మధ్యాహ్నం వరకు నిలుస్తుంది. మలీద ముద్దలు, పల్లీ పట్టీలు, నువ్వుల ముద్దలు సంచిలో వేసికొంటే బరువు తక్కువ, బలం ఎక్కువ. పల్లీలు, నువ్వులు నిదానంగా జీర్ణమవుతాయి గనుక వాటిని ఆగి కూర్చున్నప్పుడు తినాలి. ఈ ప్రాంతపు సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో ఎండాకాలం కార్మికులకు మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇవ్వడం మీలో చాలామందికి తెలిసినదే. గనిలో కష్టపడేవానికి ఏది మేలో, సైకిలు తొక్కేవానికీ అదే మేలు.

సీసాలో ఏమి పోయాలి?

ఇంట్లో చేసికొనే పానకం ఇది: ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో 50 గ్రాముల బెల్లం కరిగించి వడగట్టి, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలపండి. ఆ రోజే వాడండి.

కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంత చిక్కని తీపి కడుపులో నిలిచిపోయి వికారం పుట్టిస్తుంది. కల్లు, సారా దాహం తీర్చవు సరిగదా, ఒంట్లో ఉన్న నీటిని కూడా బయటికి పంపి, దారి మీద చూపును, పట్టును పాడుచేస్తాయి.

ఓఆర్ఎస్ విషయంలో కూడా మోసపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. కాని ఎంతో చక్కెర కలిపిన పానీయాలు ఓఆర్ఎస్ అనే పేరుతో చాలాకాలం అమ్ముడుపోయాయి. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిని ఎదిరించి అనేక సంవత్సరాలు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కాబట్టి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉన్నదో లేదో చదివి కొనండి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు సమచెంచాల చక్కెర, అర సమచెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఉప్పు అంతకు మించనీయకండి.

తల్లులకు కొన్ని మాటలు

అన్నం పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టి మూత వేయండి. వేడి మీద మూసిన అన్నం ఎండలో త్వరగా చెడిపోతుంది. పెరుగన్నం పంపాలంటే చల్లారిన అన్నంలో కాచిన పాలు పోసి, కొద్దిగా పెరుగు కలపండి. అది పది, పదకొండు గంటల వరకు పులవదు. మాంసం కూర, గుడ్డు కూర వేసవి మూటలో వద్దు. వేడి పదార్థాలను ప్లాస్టిక్ కవర్లలో కట్టవద్దు. మోదుగాకు, స్టీలు డబ్బా శ్రేష్ఠం.

బయలుదేరడానికి ముందు తిండి తప్పదు. గంటన్నర, రెండు గంటల ముందు గట్క గాని, ఉప్మా గాని, సద్దన్నం గాని తినాలి. షుగర్ మందులు వాడేవారు జేబులో చక్కెర గాని, గ్లూకోజు గాని ఉంచుకోవాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉప్పు విషయం డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యికి మించి ప్రాణాలు పోయిన సంగతి మరువరాదు. ఎండాకాలం పది గంటల లోపే గమ్యం చేరేటట్లు బయలుదేరండి. తోటివాని మాట తడబడినా, మతి తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా, వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరుతూ 108కు ఫోను చేయండి. స్పృహ లేనివాని నోటిలో ఏమీ పోయకండి.

అలసి చెట్టు క్రింద పడుకొన్న ఏలీయాకు దూరప్రయాణం ముందుండగా దొరికినవి నిప్పుల మీద కాల్చిన రొట్టె, త్రాగడానికి నీళ్లు. అంతకంటె గొప్ప తిండి మనకూ అక్కరలేదు. అయితే అది బయలుదేరినప్పుడే మన సంచిలో ఉండాలి. ఈసారి మీ కుమారుడు గాని, కుమార్తె గాని సైకిలు బయటికి తీసినప్పుడు, గాలి ఉన్నదా అని అడిగిన నోటితోనే, మూట ఉన్నదా అని కూడా అడగండి. ఆ మూటలో ఒక రొట్టె ఎక్కువే పెట్టండి. దారిలో ఎవరికి అక్కర పడుతుందో మనకు తెలియదు గదా!