రోజుకు ఇరవై నిమిషాల గిటార్

గిటార్ మీద రెండు చేతులకూ రెండు వేర్వేరు పనులు. ఎడమచేతి వేళ్లు తీగలను నొక్కి స్వరాన్ని నిర్ణయిస్తే, కుడిచేయి వాటిని మీటి లయ నడుపుతుంది. ఈ రెండూ ఒకే క్షణంలో జరగాలి. కొత్తవారికి అసలు చిక్కు అక్కడే. ఏ వేలు ఏ తీగ మీద ఉండాలో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అవే వేళ్లు తడుముకోకుండా అక్కడ వాలడానికి మాత్రం వారాలు కావాలి. అందుకే ఆదివారం ఒక్కపూట మూడు గంటలు కూర్చునేవారి కన్నా, రోజూ ఇరవై నిమిషాలు వాయించేవారికే గిటార్ ముందుగా పట్టుబడుతుంది.

ఇందుకు మొదటి కారణం చర్మం. స్టీలు తీగల గిటార్‌ను శ్రుతి చేసినప్పుడు ఆరు తీగలూ కలిసి మెడ మీద 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి. అంత బిగువు మీదున్న సన్నని తీగను మెత్తని వేలికొనతో అదిమిపెట్టాలి. రోజూ కొంచెం కొంచెం నొక్కితే మూడు నాలుగు వారాల్లో వేలికొనలు కాయకట్టి నొప్పి తగ్గిపోతుంది. ఒకేసారి గంటల తరబడి నొక్కితే బొబ్బలెక్కుతాయి. అవి మానేదాకా గిటార్ ముట్టుకోరు, ఈలోగా చర్మం మళ్లీ మెత్తబడుతుంది, కథ మొదటికొస్తుంది.

రెండో కారణం జ్ఞాపకం. విడతలు విడతలుగా నేర్చుకున్నది ఎక్కువకాలం నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన పుస్తకంలో రాశాడు. ఆయన పరీక్షించింది మాటల జ్ఞాపకాన్ని. చేతిపని సంగతిని బ్రిటన్ తపాలా ఉద్యోగుల మీద జరిగిన ఒక ప్రయోగం తేల్చింది. ఆలన్ బాడ్లీ, లాంగ్‌మన్ 1978లో దాని ఫలితాలు ప్రచురించారు. టైపింగ్ నేర్పేటప్పుడు కొందరికి రోజుకు ఒక్క గంటే శిక్షణ ఇచ్చారు, మరికొందరికి రెండు విడతల్లో నాలుగు గంటలు. కీబోర్డు చేతికి రావడానికి గంటవాళ్లకు దాదాపు 35 గంటలు సరిపోతే, నాలుగు గంటలవాళ్లకు 50 గంటల దాకా పట్టింది. తమాషా ఏమిటంటే, శిక్షణ మీద అందరికన్నా అసంతృప్తి గంటవాళ్లకే! గంటలు తక్కువే అయినా రోజులు ఎక్కువ గడిచాయి కనుక, మిగతావారు తమను దాటిపోతున్నారని వాళ్లకు అనిపించింది. రోజూ కొద్దిసేపు గిటార్ వాయించేవారికీ ఇదే బెంగ. నెల తిరిగినా ఏమీ రాలేదనిపిస్తుంది. వచ్చినదాన్ని లెక్కపెట్టుకునే దారి ఒకటి ఉండాలి.

నిద్ర చేసే పని కూడా తక్కువేం కాదు. మాథ్యూ వాకర్ బృందం 2002లో జరిపిన పరిశోధనలో, ఒక వరుసలో వేళ్లు తట్టడం నేర్చుకున్నవారు రాత్రి నిద్రపోయి లేచాక, మధ్యలో సాధన ఏమీ లేకపోయినా, సుమారు 20 శాతం వేగంగా తట్టగలిగారు. నిన్న మొరాయించిన కార్డ్ ఇవాళ పొద్దున సులువుగా పడటం చాలామంది గమనించేదే.

అయితే ఆ ఇరవై నిమిషాలు ఎలా గడుస్తాయన్నది ముఖ్యం. వచ్చిన పాటనే రోజూ వాయించుకుంటే అది కాలక్షేపం, సాధన కాదు. ముందు ఒక నిమిషం శ్రుతికి. ఫోన్‌లో ట్యూనర్ ఉంటే చాలు. శ్రుతి తప్పిన గిటార్ మీద చేసిన సాధన చెవిని చెడగొడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు వేళ్లు వదులు కావడానికి. ఆ వెంటనే, బుర్ర తాజాగా ఉండగానే, రాని పని పట్టుకోవాలి. కొత్తవారికి ఆ రాని పని దాదాపు ఎప్పుడూ ఒకటే: ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు మారడం.

ఏ మైనర్ నుంచి సి మేజర్‌కు మారడమే చూడండి. ఏ మైనర్‌లో చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద, మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపువేలు మూడో తీగ రెండో ఫ్రెట్ మీద ఉంటాయి. సి మేజర్‌కు రావాలంటే ఉంగరపువేలు ఒక్కటే లేచి అయిదో తీగ మూడో ఫ్రెట్‌కు చేరితే సరి, మిగతా రెండూ కదలనక్కర్లేదు. కొత్తవారు మూడు వేళ్లూ ఎత్తేసి, గాలిలో వెతికి, మళ్లీ ఒక్కొక్కటే దించుతారు. ఈ ఒక్క అలవాటు మానితే సగం పని అయినట్టే. ఒక నిమిషంలో ఎన్నిసార్లు శుభ్రంగా మారారో లెక్కపెట్టి రాసుకునే పద్ధతిని ఆస్ట్రేలియాలో పుట్టిన గిటార్ గురువు జస్టిన్ శాండర్‌కో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పెట్టే గురి నిమిషానికి 60. పదిహేనుతో మొదలైన అంకె నలభైకి చేరడం కాగితం మీద కనిపిస్తే పైన చెప్పిన బెంగ ఉండదు.

కుడిచేతికి వేరే సాధన. ఇటలీకి చెందిన మౌరో జూలియానీ 1812లో వియన్నాలో ప్రచురించిన అభ్యాసాల్లో ఎడమచేతికి సి, జి సెవెన్ అనే రెండే కార్డ్‌లు ఇచ్చి, కుడిచేతికి మాత్రం 120 రకాల మీటులు పెట్టాడు. ఒక చేతికి విశ్రాంతినిచ్చి రెండో చేతికి నేర్పించడమన్నమాట. రెండు శతాబ్దాలు దాటినా గిటార్ విద్యార్థులు వాటిని వాయిస్తూనే ఉన్నారు. వేగం విషయంలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి కొత్తగా చెప్పాల్సింది లేదు. సరళీ వరుసలు మొదటి కాలంలో కుదిరాకే రెండో కాలం, ఆపైన మూడో కాలం. గిటార్‌కూ అంతే. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, తప్పు లేకుండా వచ్చాకే నాలుగైదు పెంచాలి. తొందరపడి వాయించిన తప్పును కూడా చెయ్యి అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది!

మిగిలిన పది నిమిషాలూ పాటకే. పాట లేని సాధన ఎన్నాళ్లో సాగదు.

ఎఫ్ కార్డ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. చూపుడువేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కాలి మరి. దానికి రోజూ మూడు నిమిషాలకు మించి ఇవ్వడం దండగ. అది వచ్చేలోగా నాలుగు తీగల చిన్న ఎఫ్‌తో పాట నడిపించుకోవచ్చు. వేలికొన నొప్పి మామూలే. మణికట్టు నొప్పి పుడితే మాత్రం అక్కడితో ఆపేయాలి. సాధారణంగా బొటనవేలితో మెడను గట్టిగా పట్టేయడం వల్లా, తీగను ఫ్రెట్‌కు దూరంగా నొక్కడం వల్లా ఆ నొప్పి వస్తుంది. చవక గిటార్లలో తీగలు మరీ ఎత్తుగా ఉండటం ఇంకో కారణం. కొన్న దుకాణంలోనే ఆ ఎత్తు తగ్గించి ఇమ్మని అడగవచ్చు.

గిటార్‌ను సంచిలో పెట్టి అటక ఎక్కిస్తే ఇరవై నిమిషాలు కూడా దొరకవు. ఎండ తగలని చోట, కళ్లెదుట, స్టాండ్ మీద ఉంచాలి.

గ్రేడ్ పరీక్షలకో, కచేరీలకో సిద్ధమయ్యేవారికి ఈ సమయం చాలదు. వారు కూడా ఒకే పెద్ద విడత కాకుండా ఉదయం కొంత, సాయంత్రం కొంత చేయడం మంచిది. ఇష్టమైన పాటలకు తోడు వాయించుకుందామనుకునేవారికైతే రోజుకు ఇరవై నిమిషాలు నిక్షేపంగా సరిపోతాయి.