దస్తర్‌ఖాన్ మీద చోళ్ళు, పప్పులు, ఆకుకూరలు



నాలుగేళ్ళ క్రితం మావారికి షుగర్ అని తేలినప్పుడు డాక్టరు గారు మందులు రాసి, "ముందు మీ వంటిల్లు మార్చండి" అన్నారు. అప్పటిదాకా మా ఇంట్లో పూటపూటా తెల్లన్నం, ఆదివారం బిర్యానీ, సాయంత్రం బిస్కెట్లు, పంచదార టీ. "మాంసం తగ్గిస్తే దావత్ ఎలా, పండగ ఎలా?" అని మా అత్తమ్మ బాధపడ్డారు. ఈ బెంగ చాలా ఇళ్ళలో ఉంటుంది కనుక ముందు దాని గురించే చెబుతాను.

మాంసం మనకు హలాల్. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ రోజూ తినమని దీన్ చెప్పలేదు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గారి ఇంట ఖర్జూరాలు, నీళ్ళతోనే గడిచిన రోజులున్నాయని, యవల రొట్టె ఆ ఇంటి ఆహారమని హదీసులు చెబుతాయి. ఒక దర్జీ ఇచ్చిన విందులో ఆయన సొరకాయ ముక్కలు వెతికి మరీ తిన్నారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఖుర్ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా చూసుకోమంటుంది. అంటే మంచిదీ, మేలు చేసేదీ తినమని.

ఇందులో పెద్ద శాస్త్రం లేదు. గింజను తవుడుతో, పప్పును పొట్టుతో, పండును రసం తీయకుండా పండుగానే తినాలి. పీచు ఉంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. మన దేశంలో వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంది.

కొండకర్ల ఆవ చుట్టుపక్కల ఊళ్ళకు ఇది కొత్త కాదు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. తేగలు, ముంజెలే అప్పటి పిల్లల చిరుతిండి. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 దగ్గరే.

మేం ఒక్కరోజులో మారలేదు. మొదట ఉదయం టిఫిన్ బదులు చోడి అంబలి. తర్వాత కంచంలో సగం కూర. మటన్ వేయకుండా శనగపప్పు, సొరకాయ, చింతపండుతో దాల్చా వండితే అత్తమ్మే రెండోసారి వడ్డించుకున్నారు. ఖట్టీ దాల్, గోంగూర, ఉడికించిన శనగలు వారమంతా ఉంటాయి. మాంసం నెలకు రెండుసార్లు, పండక్కి. మావారి మందులు ఆగలేదు గానీ షుగర్ అదుపులో ఉంది.

కొన్ని జాగ్రత్తలు. మన అనకాపల్లి బెల్లమైనా షుగర్ ఉన్నవారికి తీపే. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు కనుక పాలు, గుడ్లు కూడా మానేసేవారు డాక్టరును అడిగి మాత్ర వాడాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. ఇన్సులిన్ వాడేవారు, కిడ్నీ జబ్బున్నవారు డాక్టరుకు చెప్పే తిండి మార్చుకోవాలి.

ఇక దాతలకు ఒక మనవి. రంజాన్ కిట్లలో మనం ఎక్కువగా ఇచ్చేది తెల్లబియ్యం, నూనె, పంచదార, మైదా, సేమియా. పేదింట్లో షుగర్ వస్తే మందుల ఖర్చు నెలనెలా తప్పదు. ఆ ఖర్చుకూ మళ్ళీ మన దగ్గరికే రావాలి. పండగ సేమియా ఉండనిద్దాం. మైదా బదులు చోడిపిండి, పంచదారలో సగం తగ్గించి ఖర్జూరాలు, వాటితో పాటు పొట్టుతో ఉన్న పెసలు, శనగలు, వేరుశనగ గుళ్ళు పెడదాం.

అయితే మనం తినని దాన్ని పేదలకు పంచడం సదఖా అనిపించుకోదు. అందుకే ముందు మన ఇంట్లో వండుదాం, మన పిల్లలతో తినిపిద్దాం, ఆ తర్వాతే కిట్‌లో పెడదాం. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక, మన కుటుంబాలన్నిటికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.