ముఖం తెలుసు... పేరు?

‘ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రుసేడ్’ (1989) చూసినవాళ్ళకి ఈ నవ్వు గుర్తుండే ఉంటుంది. మా మార్కస్ బ్రాడీకి డజను భాషలొచ్చు, ఎక్కడికెళ్ళినా జనంలో ఇట్టే కలిసిపోతాడు, మీకు చిక్కడు అని విలన్ల ముందు హీరో కోతలు కోస్తాడు. మరుక్షణం తెరమీద... టర్కీ గుంపులో దారి తెలియక, ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా బాబూ అని బిక్కమొహం వేసిన బ్రాడీ! హాలు గొల్లుమంటుంది.

ఆ పెద్దాయన పేరు డెన్‌హోమ్ ఇలియట్. హారిసన్ ఫోర్డ్, షాన్ కానరీ పేర్లు గడగడా చెప్పేవాళ్ళకు కూడా ఈ పేరు చప్పున నోటికి రాదు. క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకే అంత!

1922లో లండన్‌లో పుట్టారు. పేరున్న నటనా విద్యాలయం ‘రాడా’లో చేరారు గానీ నిలవలేదు. అసలు చదువు శత్రువు చెరలో సాగింది. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన ఉన్న బాంబర్ విమానం 1942లో కూలింది. జర్మన్లకు చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఖైదీగా ఉన్నారు. ముళ్ళకంచె వెనకే నాటకాలాడారు. చూసేవాళ్ళూ ఖైదీలే... ఇంటి బెంగతో కుమిలేవాళ్ళని మెప్పించడమంటే మాటలా?

1950లో లండన్ స్టేజీమీద ‘వీనస్ అబ్జర్వ్‌డ్’లో లారెన్స్ ఒలివియర్ కొడుకుగా వేశారు. తర్వాత సినిమాల్లో అడపాదడపా ముఖ్యపాత్రలూ దొరికాయి గానీ స్టారు కాలేదు. నన్నడిగితే అదే మేలైంది. ఓడిపోయినవాడు, తాగుబోతు, పరువు పోయినా దర్జా వదలనివాడు... ఇవి ఆయన సొంతమయ్యాయి.

‘ఆల్ఫీ’ (1966)లో దొంగచాటుగా గర్భస్రావాలు చేసే మనిషి. ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే ఒళ్ళు జలదరిస్తుంది. హీరో మైకేల్ కెయిన్.

వయసు అరవై దాటాక దశ తిరిగింది. ‘ట్రేడింగ్ ప్లేసెస్’లో బట్లర్, ‘ఎ ప్రైవేట్ ఫంక్షన్’లో డాక్టరు, ‘డిఫెన్స్ ఆఫ్ ది రెల్మ్’లో తాగుడుకు బానిసైన ముసలి జర్నలిస్టు. మూడింటికీ వరసగా మూడేళ్ళు బ్రిటిష్ అకాడమీ సహాయనటుడి అవార్డు! ఆ జర్నలిస్టుని చూశాక, ఈ వృత్తిలో ఉన్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందులో హీరోగా వేసిన గేబ్రియల్ బర్న్, పిల్లలతో, జంతువులతో, డెన్‌హోమ్ ఇలియట్‌తో కలిసి నటించొద్దని చమత్కరించాడు. వీళ్ళ పక్కనుంటే మన్నెవరూ చూడరు మరి!

మన బొంబాయివాడు ఇస్మాయిల్ మర్చంట్ నిర్మించిన ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 1987లో ఆ బహుమతి ఎవరు పట్టుకుపోయారనుకున్నారు? ‘ఆల్ఫీ’ హీరో మైకేల్ కెయినే!

1987లోనే హెచ్.ఐ.వి. సోకినట్టు తేలింది. ఆ జబ్బు పేరెత్తడానికే జనం భయపడే రోజులవి. ‘లాస్ట్ క్రుసేడ్’లో మనల్ని అంతలా నవ్వించింది ఆ తర్వాతే. 1992 అక్టోబరు 6న, డెబ్భయ్యో ఏట, స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో కన్నుమూశారు. భార్య వర్జీనియా 1994లో ఆయన జీవితకథ రాశారు, దాపరికం లేకుండా.

2008లో వచ్చిన ఇండియానా జోన్స్ సినిమాలో కాలేజీ ఆవరణలో బ్రాడీ విగ్రహం ఉంటుంది. ఛేజింగ్‌లో దాని తల ఊడి, వెంటపడే రష్యన్ల కారులో పడుతుంది. హాలు మళ్ళీ గొల్లు!