మూర్ఛమందు వాడుతున్నారా? శంఖపుష్పితో జాగ్రత్త!

పరీక్షలు సమీపించగానే పిల్లల జ్ఞాపకశక్తికై శంఖపుష్పి సిరప్పు సీసా తెచ్చుట మన ఇండ్లలో పరిపాటి. మేధ్య రసాయనములలో శంఖపుష్పి విశేషమైనదని చరకాచార్యుడు చెప్పినదే. అయితే ఆ బిడ్డ మూర్ఛకు ఫెనిటాయిన్ మాత్రలు మ్రింగుచున్నచో ఏమగును? తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన విషయమిది.

స్మృతి తొలగిపోవుటచే ఈ వ్యాధికి అపస్మారమని పేరు. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములతో ఇది నాలుగు విధములు. ఆధునిక శాస్త్రము మెదడులోని రసాయనముల తూకమును బట్టి దీనిని వివరించును. గ్లూటమేట్ నాడీకణములను ఉద్రేకపరచును. గాబా వానిని శాంతపరచును. ఈ తూకము చెడినచో మూర్ఛ కలుగును. చేపలను మత్తెక్కించి పట్టుటకు వాడే కాకమారి గింజలలో పిక్రోటాక్సిన్ అను విషమున్నది. అది గాబా పనిని అడ్డగించును. ప్రయోగశాలలో ఎలుకలకిచ్చిన, వానికి మూర్ఛ వచ్చును.

మందుల పరీక్షయు ఇట్లే జరుగును. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నం అను వైద్యులు పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ కలిగించి, దానిని అణచు మందుగా ఫెనిటాయిన్‌ను గుర్తించిరి. నాడీకణములలోనికి సోడియం అతిగా ప్రవేశింపకుండ అది నిరోధించును.

ఇక అసలు విషయము. బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి, సేఠ్ జి.ఎస్. వైద్యకళాశాల పరిశోధకులు 1992లో ఒక అధ్యయనము ప్రకటించిరి. ఫెనిటాయిన్‌తో పాటు శంఖపుష్పి ప్రధానమైన ఆయుర్వేద యోగమును సేవించిన ఇద్దరు రోగులకు, అదుపులోనున్న మూర్ఛ తిరిగి వచ్చినది. రక్తములో ఫెనిటాయిన్ పరిమాణము తగ్గియుండెను. కారణమేమని ఎలుకలపై పరీక్షింపగా, రెండును కలిపి కొన్నాళ్ళు ఇచ్చినప్పుడు అక్కడను ఫెనిటాయిన్ తగ్గినది. మూర్ఛను అణచు శక్తియు క్షీణించినది. విచిత్రమేమనగా, ఆ యోగము విడిగా ఇచ్చినప్పుడు ఎలుకలలో మూర్ఛను కొంత అణచినది! రెండు మంచి మందులు కలిసినంత మాత్రమున మేలు రెట్టింపు కాదు.

ఫెనిటాయిన్ విషయమున ఇది మరింత ముఖ్యము. రక్తములో అది కొద్దిగా తగ్గినను మూర్ఛ రావచ్చును. కొద్దిగా పెరిగినను తల తిరుగుట, తూలుట కలుగును. మా మైపాడు వంటి తీరగ్రామములలో మూర్ఛరోగి సముద్రములో వేటకు పోయినప్పుడో, స్నానమునకు దిగినప్పుడో ఫిట్టు వచ్చినచో ప్రాణమునకే ముప్పు.

కావున పాఠకులు ఈ నియమములు పాటింపవలెను:

మూర్ఛమందు వాడువారు వైద్యునికి చెప్పకుండ ఏ మూలికను, సిరప్పును మొదలుపెట్టరాదు. వాడుచున్న మందులన్నియు ఆయుర్వేద వైద్యునికిని, నరాల వైద్యునికిని చూపవలెను. మూర్ఛమాత్రలను తమంత తాముగా అకస్మాత్తుగా మానరాదు.

ఫిట్టు వచ్చినప్పుడు రోగిని ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టవలెను. చేతిలో తాళంచెవులు పెట్టినందున ప్రయోజనము లేదు. నోటిలో నీరు, పసరు పోయుట అపాయకరము. అయిదు నిమిషములు దాటినను ఆగనిచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఏ ద్రవ్యమైనను యుక్తితో వాడిననే ఔషధము.