రెండు కొక్కేల మధ్య స్ప్రింగు

అనంతపురం పీఠభూమి మీద కారుకు తుప్పు పెద్ద శత్రువు కాదు. సముద్రపు ఉప్పుగాలి ఇంతదూరం రాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల ఇది. ఇక్కడ బండిని తినేది దుమ్ము. ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి, షాకబ్జర్ రాడ్డు మీది రబ్బరు తొడుగును తడిమి చూడండి. ఎండకు అది పగిలిపోయి ఉంటే, రాడ్డు మీది సన్నని నూనె పొరకు ఎర్రదుమ్ము అంటుకుని ఉంటుంది. గుంత వచ్చినప్పుడల్లా రాడ్డు లోపలికీ బయటికీ ఆడుతూ ఆ దుమ్ముతో ఆయిల్ సీలును గరుకు కాగితంలా రుద్దుతుంది. కొన్నాళ్లకు సీలు అరిగి నూనె కారుతుంది. గుంత దాటిపోయాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది.

అప్పుడు షాకబ్జర్ మార్చాలి. మార్చాలంటే దాని చుట్టూ నొక్కుకుని కూర్చున్న ఉక్కు స్ప్రింగును ముందు అదుపులోకి తెచ్చుకోవాలి. ఆ పనికి వాడేదే స్ప్రింగ్ కంప్రెసర్. చూపుకు ఏమంత యంత్రంలా ఉండదు. మరలున్న రెండు పొడవాటి బోల్టులు, ఒక్కోదానికి పైనా కిందా కొక్కేలు. పానాతో బోల్టు తిప్పితే కొక్కేలు దగ్గరికొస్తాయి, మధ్యలోని చుట్లు ముడుచుకుంటాయి. ఇంత చిన్న పనిముట్టు మన వీధి మెకానిక్ చేతికి రావడం వెనక ఒక పెద్ద మార్పు ఉంది.

అంబాసిడర్ రోజుల్లో దీని అవసరం రాలేదు. ఆ కారు ముందు చక్రాలకు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనక కమాను కట్టలు. కట్ట విరిగితే లారీలకు పట్టీలు వేసే మేస్త్రీయే దీనికీ వేసేవాడు. ఆ పద్ధతిని పక్కకు నెట్టిన ఆలోచన అమెరికాలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1945లో షెవ్రొలే కంపెనీ క్యాడెట్ అనే చవక చిన్న కారును తలపెట్టింది. ఆ బాధ్యత ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరుది. ఆయన స్ప్రింగునూ షాకబ్జర్‌నూ ఒకే నిలువు స్తంభంగా కలిపేశాడు. స్టీరింగు తిప్పితే ఆ స్తంభమే తిరుగుతుంది. పైన పట్టి ఉంచే చెయ్యి అక్కర్లేదు. భాగాలు తగ్గాయి, ఇంజనుకు చోటు దొరికింది. క్యాడెట్ 1947లో ఆగిపోయింది, మెక్‌ఫర్సన్ ఫోర్డు కంపెనీకి మారాడు. 1950లో ఇంగ్లండులో ఫోర్డు చూపించిన కాన్సుల్, జెఫిర్ కార్లతో ఆ స్తంభం జనంలోకి వచ్చింది. మెకానిక్కులు ఇప్పుడు స్ట్రట్టు అంటున్నది దాన్నే.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో ఈ స్ట్రట్టు మన ఊళ్ల సందుల్లోకీ వచ్చేసింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో సెల్టోస్‌ను బయటికి తెచ్చేనాటికి ఆ ఊరు అనంతపురం జిల్లాలోదే. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. సెల్టోస్ ముందు చక్రాలకూ ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్టే. కరువు జిల్లాగానే పేరుపడ్డ చోట కార్లు తయారవుతుంటే, వాటి లోపల ఏముందో ఇక్కడి పిల్లలు విప్పి చూసి తెలుసుకోవాలన్నది నా ఆశ. అందుకే ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగేవారిని నేను వద్దనను. లెక్క తెలుసుకుని చేయమంటాను.

ఆ లెక్క 1678లో రాబర్ట్ హుక్ అచ్చువేసిందే: ఎంత నొక్కితే అంత ఎదురు బలం. మిల్లీమీటరుకు రెండున్నర కిలోల బరువు కోరే స్ప్రింగును ఉదాహరణగా తీసుకుందాం. దాన్ని 15 సెంటీమీటర్లు నొక్కితే 375 కిలోల బలంతో తిరగబడుతుంది. బలం నొక్కిన దూరంతో పాటు పెరుగుతుంది. దాగే శక్తి మాత్రం ఆ దూరపు వర్గంతో పెరుగుతుంది. మొదటి సెంటీమీటరు నొక్కడానికి పట్టిన శక్తి కంటే పదిహేనోది నొక్కడానికి 29 రెట్లు ఎక్కువ పడుతుంది. మొత్తం శక్తి సుమారు 280 జౌళ్లు. అదంతా స్ట్రట్టు తలకు ఉండే రెండు కిలోల టాప్ మౌంటు మీద పడితే అది గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఎదురుగా ముఖం ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కంప్రెసర్ ఈ శక్తిని పోగొట్టదు. పట్టి ఉంచుతుంది, అంతే.

పట్టి ఉంచేది మర. రెండు మిల్లీమీటర్లకు ఒక చుట్టు ఉన్న బోల్టును 25 సెంటీమీటర్ల పానాతో ఒక చుట్టు తిప్పితే, చెయ్యి 157 సెంటీమీటర్లు తిరిగినా కొక్కెం కదిలేది రెండు మిల్లీమీటర్లే. 785 రెట్ల లాభమన్నమాట. అందులో చాలా భాగాన్ని రాపిడి మింగేస్తుంది. అయితే ఆ రాపిడే లేకపోతే, చెయ్యి తీసిన మరుక్షణం బోల్టు వెనక్కి తిరిగిపోతుంది. మర తనంతట తాను లాకై నిలవడం రాపిడి పుణ్యమే. మరలో దుమ్ము చేరితే మాత్రం అదే రాపిడి ఉక్కును ఉక్కుతో కొరికిస్తుంది. కాబట్టి ప్రతిసారీ బోల్టును గుడ్డతో తుడిచి, తయారీదారు చెప్పినట్టు గ్రీజు పట్టించాకే ఎక్కించాలి. ఎయిర్ గన్ వద్దు. గన్ను వేగానికి మర వేడెక్కి పట్టేస్తుంది, ఎక్కడ బిగుసుకుంటోందో చేతికి తెలియదు.

పనికి ముందు కారును గట్టి నేల మీద జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి నమ్మడం ప్రాణంతో ఆట. బానెట్ ఎత్తితే స్ట్రట్టు తల కనిపిస్తుంది. చాలా కార్లలో చుట్టూ రెండో మూడో చిన్న నట్లు, నడిమధ్య ఒక పెద్ద నట్టు ఉంటాయి. కొత్తవారి చెయ్యి ముందుగా ఆ పెద్దదాని మీదికే పోతుంది. దాన్ని ముట్టుకోకూడదు. స్ప్రింగును ఆపి ఉంచింది అదొక్కటే. చుట్టూ ఉన్నవి, కింద చక్రం వైపు బోల్టులు విప్పి, బ్రేకు పైపు లాగుకుపోకుండా స్ట్రట్టు మొత్తాన్ని బయటికి తీయాలి.

కొక్కేలు ఎదురెదురుగా ఉండాలి. వీలైనన్ని ఎక్కువ చుట్లను పట్టాలి. లాక్ పిన్నులు ఉంటే పెట్టాలి. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు, వంతులవారీగా బిగించాలి. ఒకవైపు వెనకబడితే రెండో బోల్టు మీదే బరువంతా పడి స్ప్రింగు విల్లులా వంగుతుంది, కొక్కెం జారుతుంది. స్ట్రట్టు తల మీ వైపూ, ఇంకెవరి వైపూ ఉండకూడదు. ఎంతవరకు బిగించాలి? స్ప్రింగు తాను ఆనుకుని కూర్చున్న గిన్నెలో వదులై, చేత్తో కదిపితే కదిలేంతవరకే. ఆ చివరి సెంటీమీటరు ఎంత ఖరీదైనదో పైన చూశాం. ఆ కదలిక కనిపించాకే నడిమి నట్టు విప్పాలి. బిగించిన స్ప్రింగును అలాగే వదిలేసి కొత్త సామాను కోసం బజారుకు పోకూడదు. సామానంతా తెచ్చుకున్నాకే మొదలుపెట్టాలి.

వెల్డింగ్ షాపులో మామూలు కంబీ వంచి చేయించిన కొక్కేలు, గొలుసులు, కట్టుడు తీగలు ఈ పనికి పనికిరావు. మెత్తని ఇనుము బరువుకు మెల్లగా సాగి, ఒక్కసారిగా వదిలేస్తుంది. చుట్టు విరిగిన స్ప్రింగునూ, కొక్కేలు కుదురుగా కూర్చోనంత దగ్గర చుట్లున్న స్ప్రింగునూ ఇంట్లో ముట్టుకోకుండా, గోడకు బిగించిన పెద్ద కంప్రెసర్ ఉన్న వర్క్‌షాపుకు పంపాలి.

తిరిగి కూర్చేటప్పుడు స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకు సరిగ్గా ఆనిందో లేదో చూసి, నడిమి నట్టును చెప్పినంత బిగించాకే కొక్కేలను వంతులవారీగా వదలాలి. రబ్బరు తొడుగు కొత్తది వేయండి, పాతది బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. బండి దించాక వీల్ అలైన్‌మెంటు చేయించాలి. స్ట్రట్టు విప్పితే చక్రం వాలు మారిపోతుంది, టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి.