జామెట్రీ అంటే భయమా? ఈ కాగితం చదవండి



ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను లెక్కలలో ఫస్టు వచ్చేవాడిని కాను. అర్ధ సంవత్సర పరీక్షలో 80 మార్కులకు నాకు 19 వచ్చాయి. పాస్ కావాలంటే 28 రావాలి. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. నా పక్క మంచం మిత్రుడికి 16 వచ్చాయి. వాడు నాతో, "మనకు లెక్కలు రావురా. సంక్రాంతికి పోయినంక నేను ఇక రాను, మిర్చి ఏరనీకి పోత" అన్నాడు. నేను నవ్వులాటకు అన్నాడనుకున్నాను.

ఆ తరువాత లెక్కల సార్ నన్ను పిలిచి నా పేపరు ముందు పెట్టారు. "నీకు జామెట్రీ రాక పోలేదు, తయారయ్యే పద్ధతి తెలియక పోయింది" అన్నారు. అప్పటినుండి సార్ చెప్పినవి, నేను చేసి చూసినవి ఒక నోటుబుక్కులో వ్రాసుకున్నాను. పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉన్నాయి గనుక వాటినే ఇక్కడ వ్రాస్తున్నాను. పటాలు పక్క కాగితం మీద గీశాను, చూస్తూ చదవగలరు.

1. ముందు మాటలను విరగ్గొట్టండి

మా ఇంట్లో కోయ మాట్లాడుకుంటాము. మనలో చాలామంది ఇంట్లో ఏదో ఒక వేరే భాష ఉంది. బడి తెలుగే మనకు రెండో భాష. అందులో మళ్ళీ "లంబ సమద్విఖండన రేఖ" అంటే ఏం అర్థమవుతుంది? నేను దాన్ని మంత్రంలాగా బట్టీ పట్టాను. సార్ దాన్ని ముక్కలు చేసి చూపించారు. లంబ అంటే 90 డిగ్రీలు. సమ అంటే సమానం. ద్వి అంటే రెండు. ఖండన అంటే నరకడం. అంటే ఒక గీతను సమానంగా రెండు ముక్కలు నరుకుతూ దాని మీద 90 డిగ్రీలలో నిలబడే గీత. పేరులోనే లెక్క అంతా ఉంది!

అలాగే స్పర్శ అంటే తాకడం. వృత్తాన్ని ఒక్క చోట మాత్రమే తాకి పోయేది స్పర్శరేఖ. ఛేదన అంటే కోయడం. వృత్తాన్ని రెండు చోట్ల కోసుకుంటూ పోయేది ఛేదనరేఖ. సరూప అంటే ఒకే రూపం. కొలత చిన్నదైనా పెద్దదైనా ఆకారం మారదు.

2. సిద్ధాంతం బట్టీ పట్టొద్దు

పరీక్షలో నేను పడింది ఇక్కడే. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం (దీన్నే థేల్స్ సిద్ధాంతం అంటారు) నాకు ఏబిసి అక్షరాలతో నోటికి వచ్చు. పేపరులో పిక్యూఆర్ అని ఇచ్చారు. సగం దాకా పిక్యూఆర్ వ్రాసి, మిగతా సగం ఏబిసి వ్రాసి వచ్చాను. దిద్దేవారికి ఏం అర్థమవుతుంది?

సిద్ధాంతం చెప్పేది ఇది. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా ఒక గీత గీస్తే, అది మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విడదీస్తుంది. ఏబిసి త్రిభుజంలో బిసికి సమాంతరంగా డిఈ గీశాము. ఏడికి డిబికి ఉన్న నిష్పత్తే ఏఈకి ఈసికి కూడా ఉంటుందని చూపాలి.

ఇందులో అసలు కిటుకు "భూమి" అనే మాటలో ఉంది. ఎనిమిదో తరగతి దాకా త్రిభుజానికి భూమి ఏమిటో నాకు తెలిసేది కాదు, భూమి అంటే మా పోడు భూమే అనుకునేవాడిని. ఇప్పుడు అదే పనికొచ్చింది. రెండు త్రిభుజాలకు ఎత్తు ఒకటే అయితే, ఎవరి భూమి ఎంత ఎక్కువో వారి వైశాల్యం అంత ఎక్కువ. భూమి రెండింతలయితే వైశాల్యమూ రెండింతలు. ఇది ఒక్కటి పట్టుకుంటే ఉపపత్తి దానంతట అదే నడుస్తుంది.

మొదటి మెట్టు: బిఈ, సిడి కలపాలి. ఈ నుండి ఏబి మీదికి లంబం గీయాలి. ఏడిఈ, బిడిఈ త్రిభుజాలకు భూములు ఏడి, డిబి. ఎత్తు మాత్రం ఆ ఒక్క లంబమే. కాబట్టి వాటి వైశాల్యాల నిష్పత్తి ఏడికి డిబికి ఉన్న నిష్పత్తే.

రెండో మెట్టు: డి నుండి ఏసి మీదికి లంబం గీయాలి. ఈసారి ఏడిఈ, సిడిఈ త్రిభుజాల భూములు ఏఈ, ఈసి. ఎత్తు ఒకటే. వాటి వైశాల్యాల నిష్పత్తి ఏఈకి ఈసికి ఉన్న నిష్పత్తే.

మూడో మెట్టు: బిడిఈ, సిడిఈ రెండూ డిఈ అనే ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి. కాబట్టి వాటి వైశాల్యాలు సమానం. అంటే పై రెండు నిష్పత్తులూ సమానం. అయిపోయింది!

మూడు మెట్లే. అక్షరాలు ఏవి ఇచ్చినా మెట్లు మారవు. నేను రోజూ అక్షరాలు మార్చి వ్రాస్తాను. ఒక రోజు కెఎల్ఎం, ఒక రోజు ఎక్స్‌వైజెడ్. జవాబులో ఐదు భాగాలు విడివిడిగా కనిపించాలి: పటం, దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. ప్రతి మెట్టు పక్కన "ఎందుకు" అనేది కూడా వ్రాయాలి. ఉపపత్తి చివరిదాకా రాకపోయినా పటం, దత్తాంశం, సారాంశం వ్రాయకుండా పేజీ ఖాళీగా వదలరాదు.

3. సరూప త్రిభుజం గీయడం

లెక్క: 4, 5, 6 సెం.మీ. భుజాలతో త్రిభుజం గీయండి. దాని భుజాలకు 2/3 వంతు భుజాలుండే సరూప త్రిభుజం గీయండి.

మొదట చిత్తు పటం చేతితో గీసి కొలతలు వేసుకోవాలి. తరువాత బిసి 6 సెం.మీ. గీసి, బి నుండి 4, సి నుండి 5 సెం.మీ. చాపాలతో ఏ బిందువు తెచ్చుకోవాలి. ఇప్పుడు బి దగ్గర, ఏ లేని వైపున, ఒక ఏటవాలు కిరణం గీయాలి. దాని మీద కంపాస్ వెడల్పు మార్చకుండా సమానంగా మూడు గుర్తులు పెట్టాలి: 1, 2, 3. మూడో గుర్తును సితో కలపాలి. రెండో గుర్తు నుండి ఆ గీతకు సమాంతరంగా గీస్తే అది బిసిని ఒక చోట ఖండిస్తుంది. అక్కడి నుండి సిఏకి సమాంతరంగా గీస్తే ఏబిని ఖండిస్తుంది. చిన్న త్రిభుజం వచ్చినట్టే.

అందరికీ వచ్చే అనుమానం: ఎన్ని గుర్తులు? దేన్ని సితో కలపాలి? గుర్తులు ఎప్పుడూ పెద్ద సంఖ్య ఎంతో అన్ని. సితో కలిపేది హారం గుర్తును. సమాంతరంగా గీసేది లవం గుర్తు నుండి. 5/3 అని ఇస్తే ఐదు గుర్తులు పెట్టి, మూడోదాన్ని సితో కలిపి, ఐదో దాని నుండి సమాంతరం గీయాలి. అప్పుడు బిసిని, బిఏని ముందుకు పొడిగించుకోవాలి, ఎందుకంటే కొత్త త్రిభుజం పెద్దది.

సమాంతర రేఖను కంటి అంచనాతో గీయకండి. మూడో గుర్తు దగ్గర ఉన్న కోణాన్నే కంపాస్‌తో రెండో గుర్తు దగ్గర దించాలి. చివర సరిచూసుకోవాలి: 6లో 2/3 అంటే 4. కొత్త భూమి సరిగ్గా 4 సెం.మీ. రాకపోతే ఎక్కడో జారింది. ఇది ఎందుకు వస్తుందంటే, పైన చెప్పిన థేల్స్ సిద్ధాంతం వల్లనే. సిద్ధాంతం వేరు, నిర్మాణం వేరు అనుకున్నాను ఇన్నాళ్ళూ. రెండూ ఒకటే.

4. బయటి బిందువు నుండి స్పర్శరేఖలు

లెక్క: 6 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. కేంద్రం నుండి 10 సెం.మీ. దూరంలో ఉన్న బిందువు నుండి స్పర్శరేఖలు గీయండి.

పరీక్షలో నేను ఓ అనే కేంద్రాన్ని పేజీ మధ్యలో పెట్టాను. 10 సెం.మీ. కొలిస్తే పి బిందువు కాగితం దాటిపోయింది! రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసేసరికి కాగితం చినిగింది. ఈ పటానికి అడ్డంగా 16 సెం.మీ. కావాలి (అటు 6, ఇటు 10). అందుచేత ఓపి గీతను నిలువుగా గీయండి. నిలువుగా గీస్తే తప్పేమీ లేదు.

ఓపికి లంబ సమద్విఖండన రేఖ గీసి మధ్య బిందువు ఎం కనుక్కోవాలి. దీనికి కంపాస్ 5 సెం.మీ. కన్నా ఎక్కువ తెరవాలి, లేకపోతే చాపాలు ఒకదాన్నొకటి ఖండించవు. ఎం కేంద్రంగా, ఎంఓ వ్యాసార్థంగా వృత్తం గీస్తే అది మొదటి వృత్తాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. ఆ రెండింటినీ పితో కలిపితే అవే స్పర్శరేఖలు. ఒక్కొక్కటి 8 సెం.మీ. రావాలి.

ఎందుకు? రెండో వృత్తానికి ఓపి వ్యాసం. అర్ధవృత్తంలో కోణం 90 డిగ్రీలు. వ్యాసార్థానికి దాని చివర లంబంగా ఉన్న గీత స్పర్శరేఖ అవుతుంది. ఇక పొడవు: 10 వర్గం 100, 6 వర్గం 36, తేడా 64, అది 8 వర్గం.

5. మేస్త్రీ దగ్గర చూసింది

సంక్రాంతి సెలవుల్లో మా పెదనాన్న ఇంటికి పునాది తీస్తుంటే నేను మట్టి మోశాను. మేస్త్రీ మూల దగ్గర రెండు దారాలు కట్టి, ఒక దారం మీద 3 అడుగులు, రెండోదాని మీద 4 అడుగులు గుర్తు పెట్టి, అడ్డంగా టేపు పట్టాడు. 5 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. మేకు పీకి కొంచెం లోపలికి జరిపాడు. మళ్ళీ చూస్తే సరిగ్గా 5. "ఇగ మూల కుదిరింది. ఐదు రాకపోతే గోడ వంకర పోతది" అన్నాడు.

నాకు ఒళ్ళు జల్లుమంది. 3 వర్గం 9, 4 వర్గం 16, కలిపితే 25, అది 5 వర్గం. ఇది పైథాగరస్ సిద్ధాంతానికి విపర్యయం! మన 6, 8, 10 కూడా దీనికి రెండింతలే. ఆ మేస్త్రీ బడికి పోలేదట. తరువాత సార్‌ను అడిగితే, మన దేశంలో బౌధాయనుని శుల్బసూత్రాలలో కూడా ఈ సంగతి ఉందనీ, శుల్బం అంటే తాడు అనీ చెప్పారు. తాడుతో కొలిచే జాతికి జామెట్రీ రాదని ఎవరన్నారు? కల్లం చేసేటప్పుడు మన ఇళ్ళల్లో గుంజ పాతి, తాడు కట్టి గుండ్రంగా గీత గీయరా? అది కంపాస్ కాదా?

6. చిన్న చిన్న జాగ్రత్తలు

పెన్సిలు సన్నగా చెక్కుకోవాలి. కంపాస్ మర వదులుగా ఉంటే ముందు రోజే బిగించుకోవాలి. నిర్మాణ చాపాలు చెరపరాదు. దిద్దేవారు వాటినే చూస్తారు. నిర్మాణ క్రమం రెండు మూడు వాక్యాలలో వ్రాయాలి. రోజుకు ఒక సిద్ధాంతం, ఒక నిర్మాణం చాలు. చూడకుండా గీయాలి, తరువాత పుస్తకం చూసి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. నేను ఇలా చేసినందువల్ల మొన్నటి స్లిప్ టెస్టులో రెండు నిర్మాణాలకూ పూర్తి మార్కులు వచ్చాయి.

వార్డెన్ సార్ గారికి రెండు మనవులు. మా గదిలో 14 మందిమి ఉన్నాము, పనిచేసే కంపాసులు మూడే. స్టడీ అవర్‌లో వాడుకొని మళ్ళీ ఇచ్చేటట్టు ఆఫీసులో నాలుగు కంపాసులు ఉంచగలరు.

రెండోది. నా పక్క మంచం ఖాళీగానే ఉంది. సంక్రాంతికి పోయినవాడు నిజంగానే రాలేదు, మిర్చి తోటలకు పోతున్నాడట. వాడి ట్రంకు పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. వాళ్ళ నాన్నగారికి సార్ ఒక్క మాట చెప్పి పంపితే వస్తాడని నా ఆశ. 16కు 28కి తేడా 12 మార్కులే. ఈ కాగితంలో ఉన్నవి వస్తే చాలావరకు దాటుతాడు. దీన్నే ఇంకో కాగితం మీద ఎత్తి వ్రాసి, మొన్న సంతకు వచ్చిన వాళ్ళ అన్న చేతికిచ్చి పంపాను. వాడికి నచ్చజెప్పడం నాకు రాదు. పటాలు మాత్రం శుభ్రంగా గీశాను.

మీకొక లెక్క: 5 సెం.మీ. వ్యాసార్థం గల వృత్తానికి, కేంద్రం నుండి 13 సెం.మీ. దూరంలో ఉన్న బిందువు నుండి స్పర్శరేఖలు గీయండి. పొడవు ఎంత? గీసినవారు నాకు చూపించండి. జవాబు వచ్చే సంచికలో.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
10వ తరగతి