కోనసీమ చలి: జ్ఞాపకమూ, లెక్కా

ధనుర్మాసం రాగానే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పెద్దల నోట తప్పక వినిపించే మాట ఒకటి ఉన్నది: "ఆనాటి చలి ఈనాడు ఏదీ?" శివరాత్రికి చలి శివశివా అని పోతుందని సామెత, సంక్రాంతి నాటికే పోతున్నదని వారి ఫిర్యాదు. ఇందులో నిజమెంతో, జ్ఞాపకం కల్పించిన పాలెంతో విచారిద్దాము.

మన సీమ గౌతమీ వసిష్ఠల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్నది. నీరు ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. కనుక సముద్రం పగటి ఎండను, రాత్రి చలిని కూడా తగ్గిస్తుంది. లంబసింగిలో వలె ఎముకలు కొరికే చలి మనకు లేదు. శీతల గాలులను నిర్ణయించడానికి భారత వాతావరణ శాఖవారు మైదానాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలన్నారు. తీరప్రాంతాలకు 15 డిగ్రీలే చాలునన్నారు. మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలైనా తగ్గాలన్న నియమం రెంటికీ సమానమే.

మరి పెద్దలు చెప్పే చలి? అందులో కొంత నాటి జీవనానిది. తాటాకు ఇంటి సందుల నుంచి వచ్చే గాలి, చాలీచాలని దుప్పటి, తెల్లవారుజామున కాలవ స్నానం. ఇవి చలిని హెచ్చించి చూపినవి. నేటి డాబా పగలు పీల్చిన వేడిని రాత్రి వదులుతుంది.

అయితే తక్కినది భ్రమ కాదు. కేంద్ర ప్రభుత్వం 2020లో వెలువరించిన శాస్త్ర నివేదిక ప్రకారం, 1901 నుంచి 2018 వరకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగంలో ఉపరితల జలం 1951–2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కినది. బొగ్గు, చమురు మండించగా గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు, భూమి వదిలే వేడిని పైకి పోనీయక పట్టి ఉంచడమే దీనికి ముఖ్య కారణం.

చలి తగ్గితే లాభమే గదా అని రైతు అడుగవచ్చును. చలి ముదిరిన యేడు దాళ్వా నారు ఎదగదన్నది అనుభవమే. కాని మన సీమకు ఈ ఋతువులో అసలు కాఠిన్యం చలిది కాదు, గాలివానది. 1839 నవంబరు 25న కోరంగి రేవును ఉప్పెన ముంచినది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు, కొబ్బరితోటలు నేలకొరిగినవి. పడిన చెట్టు చోట మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది.

తుపాను పుట్టడానికి సముద్రజలం 26 డిగ్రీలు దాటి ఉండాలి. ఆ వేడే దానికి ఆహారం. మన దేశానికి ఇరువైపుల సముద్రాలలో తుపానుల మొత్తం సంఖ్య కొంత తగ్గినా, వర్షాకాలం తరువాత వచ్చే అతి తీవ్ర తుపానులు 2000–2018 మధ్య పెరిగినవని ఆ నివేదికే చెబుతున్నది. మన రాత్రులను వెచ్చబరచే సముద్రమే గాలివానకు బలమిస్తున్నదన్నమాట.

కనుక శ్రోతలకు మా మనవి రెండు విధాలు. ఇంటి పెద్దలను అడిగి, ఏ యేడు నారు చలికి దెబ్బతిన్నదో, ఏ యేడు గాలివానకు నీరు ఎంతవరకు వచ్చినదో సంవత్సరంతో సహా పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఆశ్వయుజం నుంచి మార్గశిరం వరకు రేడియోలో తుపాను హెచ్చరికలను విడువక వినండి. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉన్నవి. పెద్ద అంకె కోసం ఎదురు చూడక, లంకలలోను, పాకలలోను ఉన్నవారు దారి బాగున్నప్పుడే గట్టి కట్టడానికి చేరుకోవాలి. వేటకు బయలుదేరే పడవలు ఒడ్డుననే ఆగాలి.